తోడులేని పొట్టి గాడిద

ఆ రోజుల్లో, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు పడేసరికి, లోకంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. కృష్ణపట్నం రేవులో నా పని లారీల నంబర్లు రాసుకోవడం (ఇంట్లో మాత్రం ఆఫీసరునని చెప్పుకున్నాను). ఆ ఊపులోనే, ప్రభువు గాడిదనెక్కి వచ్చినందుకు గుర్తుగా చేసే మట్టల ఆదివారం ఊరేగింపుకి నిజం గాడిదను తెస్తానని చర్చి సంఘంలో అందరి ముందూ మాట ఇచ్చేశాను. మనుబోలులో మా మేనత్త రెండు పొట్టి జాతి గాడిదలను పెంచుతోంది. తల్లీ కూతుళ్లు. రెండూ ఈడొచ్చినవే అయినా నడుమెత్తు కూడా ఉండవు. వాకిట్లో కోళ్లతో పాటు తిరుగుతూ, అత్త టీ తాగుతుంటే వచ్చి పక్కన నిలబడేవి.

ట్రాలీ ఆటో తీసుకుని వెళ్లాను. "రెండూ తీసకపో అబ్బయా. ఒకదాన్ని ఇడిసి ఇంకోటి ఉండదు," అంది అత్త. ఆటోలో సగం చోటు అప్పటికే అద్దె స్పీకరుది (ఊరేగింపులో నా గొంతు వినబడాలి కదా). "గాడిదలకి కూడా తోడేంది అత్తా," అని నవ్వి, కూతురు గాడిదను మాత్రం ఎక్కించుకున్నాను. తల్లి రోడ్డు దాకా ఆటో వెంట పరుగెత్తింది. అద్దంలో చూస్తూనే ఉన్నాను, ఆపమనలేదు.

చర్చి ముందు అందరూ ఈత మట్టలు పట్టుకుని పాట ఎత్తుకున్నారు. తెల్ల చొక్కా వేసుకుని, జేబుకి మైకు తగిలించుకుని, తాడు పట్టుకుని నేను ముందు నిలబడ్డాను. గాడిద కదలలేదు. వచ్చిన దారి వైపు తల తిప్పి ఓండ్ర పెట్టింది. నా మైకు పుణ్యమా అని అది ఊరంతా వినబడింది. లాగాను. మట్టల మీద చతికిలబడింది. పంతం కొద్దీ ఇంకా లాగాను, దాని మెడ దగ్గర తోలు లేచింది. పాట ఆగిపోయింది. పాస్టరుగారు వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకుని, "ప్రభువు తల్లినీ పిల్లనీ కలిపే గదా తోలుకరమ్మన్నాడు, తమ్ముడూ," అన్నారు మెల్లగా. సండే స్కూల్లో ఆ భాగం అప్పజెప్పి బహుమతి కొట్టినవాణ్ణి నేనే. తలెత్తలేకపోయాను.

తిరిగి తీసుకెళ్లేసరికి తల్లి గేటు దగ్గరే ఉంది. పొద్దుటి నుంచీ అరిచి అరిచి గొంతు పోయి, నోరు తెరిస్తే గాలే వస్తోంది. మేత ముట్టలేదట. కూతురు దిగి దాని మెడకి మెడ ఆనించింది. అత్త పుండుకి పసుపూ కొబ్బరినూనే రాస్తూ, "అన్నం తిని పో అబ్బయా," అంది, అంతే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ప్రతి ఏడూ రెండూ వస్తాయి, ఎవరూ లాగకుండానే పక్కపక్కన నడుస్తాయి. తాడు అత్త చేతిలో ఉంటుంది. వెనకాల చేటా చీపురూ పట్టుకుని లద్దె ఎత్తుకుంటూ వచ్చే ఆఫీసరుని నేనే. "తాడు పట్టుకుంటావా అబ్బయా?" అని పోయినేడు అత్త అడిగింది.

"చేటే బాగుందిలే అత్తా," అన్నాను.