అన్నయ్యకో మంచం

అన్నయ్యకు పక్షవాతం వస్తే విశాఖలో పెద్ద ఆసుపత్రివాళ్ళు తలకు ఆపరేషన్ చేసి బతికించారు. బతికించాక, ఇక తీసుకెళ్ళమన్నారు. కుడిచెయ్యి లేవదు. ముక్కులో ఒక గొట్టం, గొంతు దగ్గర చిల్లు పెట్టి అక్కడో గొట్టం.

"ఇలా ఇంటికెలా తీసుకెళ్తామండీ?" అన్నాను.

"ఇంటికి కాదు. మాది ప్రాణం నిలబెట్టే ఆసుపత్రి. ఆయనకిప్పుడు నెలల తరబడి కనిపెట్టుకుని ఉండే చోటు కావాలి," అన్నారు డాక్టరుగారు.

ఆసుపత్రుల్లో పెద్దవీ చిన్నవీ ఉంటాయని తెలుసుగానీ, ఇన్ని రకాలుంటాయని బెల్లం కొట్టులో పెరిగిన నాకేం తెలుసు?

అనకాపల్లిలో అలాంటిది ఒకటుందని విని వదినా నేనూ వెళ్ళాం. రోగులను గంటగంటకూ అటూ ఇటూ తిప్పి పడుకోబెడుతున్నారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఒక్కటే మంచం. నచ్చిందని ముఖంలో కనబడనిస్తే నేను మా నాన్న కొడుకునే కాదు.

"రాత్రిళ్ళు మా వదిన పక్కనే ఉండాలి," అన్నాను.

"కుదరదండి. రాత్రి చూసుకోడానికి మేమున్నాం," అంది హెడ్ నర్సు.

"అయితే ఇంకోచోట చూసుకుంటాం."

లేచి నడిచాను. మా బెల్లం మార్కెట్లో ఇదే పద్ధతి. కొనేవాడు లేస్తాడు, నాలుగడుగులు వేసేలోపు అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. ఎదురుగా ఉన్న చెప్పులనే కాసేపు వెతికాను. కాళ్ళీడ్చుకుంటూ గేటు దాకా వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. లోపల ఫోను మోగింది. "ఆ, ఒక బెడ్ ఉందండి," అని నర్సు గొంతు వినబడింది. రేపు పొద్దున్నే అన్నయ్యను విశాఖ ఆసుపత్రి నుంచి కదిలించాలి.

పరుగున వెనక్కి వచ్చాను. వదిన కుర్చీలోంచి లేవనే లేదు.

"వచ్చేరా మరిదిగోరు? నాను ఒప్పేసుకున్నాను. ఫోన్లో ఆళ్ళకి లేదని సెప్పించేను," అంది. "ఇదేటి, బెల్లం యార్డా, ఎనక్కి పిలవడానికి? మీ నడక సూత్తే తెల్లారినా గేటు దాటరని తెలుసు."

నర్సు నవ్వాపుకుంది. నాకు నవ్వు రాలేదు.

"రాత్రి గొంతు దగ్గర గొట్టానికి కఫం అడ్డుపడితే?" అని అడిగాను. ఈసారి బేరానికి కాదు.

"మిషన్ పెట్టి లాగేస్తామండి. ఎవరో ఒకరం మెలకువగానే ఉంటాం."

వదిన ముఖంలో వేళాకోళం పోయింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఎవరో ఒకరంటే ఎవరమ్మా? ఆ మనిసిని ఓసారి పిలు. సూసి ఎల్తాను."