సన్నబడిపోయిన హెచ్చరికలు

ఆ వీధిలో అందరికీ ఆమె వదినే. కింది వాటాలో ఉండే టీచరమ్మకీ, మలుపులో తాళాలు బాగుచేసే ముసలాయనకీ, పాల ప్యాకెట్లు వేసే మనిషికీ కూడా. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పిలుపు అలా అతుక్కుపోయింది. కళ్ళద్దాల దుకాణంలో ఆమెకు పని. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదివించడం, ఫ్రేము ముక్కుమీద నిలుస్తుందో లేదో చూడడం, చెవి వెనక కొంచెం వంచి సరిచేసి పంపడం.

భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. ఆయన్ని లిఫ్టాయన అనేవారు. వాళ్ళుండేది మాత్రం లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. "ఊరందర్నీ పైకెత్తేవాడికి మెట్లే గతి" అని ఆయన చెల్లెలు వేళాకోళం చేస్తే, "మెట్లు చెడిపోవే, అదే సుఖం" అనేవాడు ఆయన.

ఆయనకొక బ్లాగు ఉండేది. లిఫ్టు తలుపు మూసుకున్నట్టే మూసుకుని మళ్ళీ ఎందుకు తెరుచుకుంటుంది, మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు ఏం చేయాలి, బరువు ఎక్కువైందని గంట ఎందుకు మోగుతుంది, ఇలాంటివే రాసేవాడు. అపార్టుమెంట్లలో కాపలా ఉండేవాళ్ళు, పని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు చదివేవారు. వదిన ఒక్కటీ చదవలేదు. ఆయన భోజనం దగ్గర చెప్పేవి వినడమే సరిపోయేది.

జ్వరమని తనంతట తానే మెట్లు దిగి ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ మెట్లెక్కలేదు. రక్తంలో విషం చేరిందన్నారు. వదిన సంతకాలు పెట్టమన్నచోట పెట్టింది. కూర్చోమన్నచోట కూర్చుంది. ఏడవలేదు. బిగపట్టుకుని కాదు, రాలేదు, అంతే. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. ఆమెకు ఒళ్ళంతా అలాగే ఉంది. చుట్టాలు ఆమె మొహంలోకి చూసి, ఇంకో గదిలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

త్వరగానే పనిలోకి వెళ్ళిపోయింది. "ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండాల్సిందమ్మా" అన్నాడు దుకాణం యజమాని.

"ఇంట్లో ఉండి ఏం చేయాలండీ?" అంది వదిన. నిజంగానే అడిగింది.

ఆడపడుచు కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. నలభైకి దగ్గరపడుతున్నా ఇంట్లో అందరూ ఆమెను ఇంకా చిన్నది అనే అంటారు. అన్న పోయినప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు వదిన దగ్గరకు వస్తోంది. మొదట్లో ఏడ్చేది. వదిన పక్కన కూర్చుని మంచినీళ్ళు ఇచ్చేది. పోయింది ఎవరికో పరామర్శ ఎవరికో తెలియనట్టుండేది ఆ వ్యవహారం.

ఒక ఆదివారం చిన్నది ఫోను చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, అన్నయ్య బ్లాగు కింద ఎవరో రాశారు. చదవనా?"

"చదువు."

రాసింది ఏదో బిల్డింగుకి కాపలా ఉండే మనిషి. "అయ్యా, చేయకూడని పనులు మీరు లావు అక్షరాల్లో రాసేవారు. ఇప్పుడు అన్నీ ఒకేలా సన్నగా ఉన్నాయి. మొన్న నేను చూసుకోక, కరెంటు తీయకుండానే బటన్ల పలక విప్పాను. చెయ్యి జివ్వుమంది. ప్రాణానికేం కాలేదు. దయచేసి పాతలా మార్చండి."

వదిన తన ఫోనులో ఆ పేజీ తెరిచి చూసింది. అక్షరాలు వెలుతురులోకి పట్టిన దారంలా ఉన్నాయి. పైగా నలుపు కూడా కాదు, బూడిదరంగు. శీర్షికకీ కింది వాక్యానికీ తేడా లేదు.

"నలభై దాటినవాళ్ళు దీన్ని చదవలేరు" అంది. దుకాణంలో మాట్లాడే గొంతుతోనే అంది.

"పేజీకి రూపమిచ్చే థీమ్ దానంతటది అప్‌డేట్ అయినట్టుంది" అంది చిన్నది. బ్లాగు పెట్టిన రోజుల్లో అన్నకు సాయం చేసింది తనే, కాబట్టి పాస్‌వర్డు తెలుసు. ఆయన వాడిన పాత కంప్యూటర్ని భోజనాల బల్లమీద పెట్టి, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

సెట్టింగుల్లో అక్షరాల మందం ఎంచుకునే చోటు ఉంది. అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ అక్షరం లావెక్కాలి. నాలుగొందల నుంచి ఐదొందలకు మార్చారు. తేడా లేదు. ఆరొందలు పెట్టారు. అదీ అంతే.

"తక్కెడ పాడైనట్టుంది, ఏం వేసినా ఒకటే తూకం చూపిస్తోంది" అంది చిన్నది.

కాసేపటికి ఇద్దరికీ మాటామాటా వచ్చింది. చిన్నది తన ఫోనులో లావుగా కనబడుతోందంటుంది, వదిన కంప్యూటర్లో సన్నగానే ఉందంటుంది. చివరికి తేలిందేమిటంటే, ఫోను ఎప్పుడో దాచుకున్న పాత పేజీనే తీసి చూపిస్తోంది. దాచుకున్నదంతా చెరిపేశాక ఫోనులోనూ సన్నబడింది. "ఉన్నదీ పోగొట్టుకున్నాం" అంటూ చిన్నది కుర్చీలో వెనక్కి వాలింది.

థీమ్ తయారుచేసినవాళ్ళకు రాశారు. దాచుకున్న పేజీలన్నీ చెరిపేసి మళ్ళీ తెరిచి చూడమని, అందరికీ పంపే జవాబే వచ్చింది. ఇది మావారి బ్లాగు అంటూ వదిన మళ్ళీ రాసింది. కాపలా మనిషికి కరెంటు కొట్టిన సంగతి కూడా రాసింది. ఈసారి ఎవరో నిజంగా చూసినట్టున్నారు. తరవాతి ఆదివారానికి వివరంగా జవాబు వచ్చింది. చిన్నది పైకి చదివింది.

"మీవారు అదనపు స్టైల్ అనే పెట్టెలో సొంతంగా కొన్ని వరసలు రాసుకున్నారు. హెచ్చరికలు లావుగా కనబడింది వాటి వల్లే. పేజీలో ఒక్కో భాగానికి ఒక్కో పేరుంటుంది, ఆ పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుంది. కొత్త థీమ్‌లో మేం ఆ పేర్లు మార్చాం. మీవారు రాసిన వరసలు ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నాయి. పలికేవాళ్ళు..."

చిన్నది ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగతాది వదిన చదివింది. "...లేరు. మీవారిని ఒకసారి పేర్లు సరిచూసుకోమని చెప్పండి."

చదివి, "పేర్లు ఎక్కడ కనబడతాయిట?" అంది.

చిన్నది ఆమెవైపు తిరిగింది. "నీకేం అనిపించడం లేదా వదినా?"

"అనిపించడం లేదు."

"అసలు కొంచెం కూడానా?"

"ఏం చెప్పమంటావు చిన్నా. నువ్వు ఏడుస్తుంటే నాకూ ఏడవాలనే ఉంటుంది. చేయి పెట్టి వెతికితే లోపల ఏమీ తగలదు. దాస్తున్నాననుకుంటున్నారు అందరూ. దాచడానికేమైనా ఉంటేగా."

చిన్నది జరిగి కంప్యూటర్ని తనవైపు లాక్కుంది. పేజీమీద మౌస్ కుడి బటన్ నొక్కి, లోపలి రాత తెరిచింది. ఎడమపక్క పేజీ, కుడిపక్క అది దేనివల్ల అలా ఉందో చెప్పే వరసలు. శీర్షికల్ని లావు చేయమని పోయిన ఆదివారం తాము పెట్టిన వరస అక్కడే ఉంది, కానీ దానిమీద అడ్డంగా కొట్టివేత గీత. దానిపైన థీమ్ వాళ్ళ వరస నిక్షేపంగా ఉంది.

"మనది చెరిగిపోలేదు, వాళ్ళది గెలిచిందంతే" అంది చిన్నది. "మనం ఇంకా గట్టిగా చెప్పాలి."

అన్న వరసల్లో పాత పేరు తీసి కొత్తది రాసి, ఇదే ముఖ్యమని చివర గుర్తు పెట్టి గట్టిగా చెప్పారు. పేజీ మళ్ళీ తెరిచేసరికి శీర్షికలు, వాక్యాలు, తేదీలు, అడుగున ఫోన్ నంబరుతో సహా అన్నీ లావైపోయాయి. హెచ్చరిక పేరు రాయాల్సిన చోట మొత్తం పేజీ పేరు రాసింది చిన్నది.

"అన్నయ్య మేడెక్కి ఊరంతటినీ తిడుతున్నట్టుంది" అంది. నవ్వొచ్చింది ఆమెకు. వదిన మూతి కూడా కదిలింది. నవ్వే కావచ్చు.

పేరు దిద్దాక హెచ్చరికలు మాత్రమే లావుగా నిలిచాయి. చిన్నది చేతులు దులుపుకుంది. వదిన లేవలేదు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఇది లావు కాదు. మసి."

"ఏం మసి?"

"ఒత్తులు చూడు. పైఅక్షరానికి అతుక్కుపోయాయి. ఈ సున్నా పూడిపోయి చుక్కలా ఉంది. సన్న అక్షరాన్నే పక్కకు జరిపి ఇంకోసారి అద్దినట్టుంది."

నిజమే. చిన్నదానికి కనబడలేదు కానీ, చెప్పాక అదే కనబడింది. థీమ్ వాళ్ళకు మళ్ళీ రాసి అడిగితే తెలిసిందేమిటంటే, కొత్త థీమ్‌తో వచ్చిన ఫాంటులో సన్న అక్షరాల ఫైలు ఒక్కటే ఎక్కుతోంది. లావు అక్షరాలది లేదు. లేనిదాన్ని చూపించమంటే బ్రౌజరు పాపం ఉన్నదానికే మసి పూసి చూపిస్తోంది. ఫాంటుల పేజీలో లావు అక్షరాల ఎదురుగా ఒక గడి ఖాళీగా ఉంది. దాన్లో టిక్కు పెట్టాలి. అంతే.

ఆ టిక్కు వదిన దుకాణంలో పెట్టింది, బేరాలు లేని మధ్యాహ్నం వేళ, బల్లమీద కంప్యూటర్లో. పేజీ మళ్ళీ తెరిచింది. ఒత్తులు విడివిడిగా నిలబడ్డాయి. సున్నాల్లో వెలుతురు కనబడింది. "కరెంటు తీయకుండా పలక విప్పవద్దు." నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి చూసింది. అక్కణ్ణించీ తెలుస్తోంది. చిన్నదానికి ఫోను చేసి "అయింది" అని చెప్పింది.

"ఎలా ఉంది?"

"బాగుంది. స్పష్టంగా ఉంది."

"అన్నయ్య అందులో ఏం రాశాడో చూశావా?"

వదిన ఇన్ని ఆదివారాలూ ఆ ఒక్క పేజీనే తెరుస్తూ మూస్తూ ఉంది. అక్షరాల మందం చూసింది, అంచులు చూసింది, రంగు చూసింది. ఒక్క వాక్యం కూడా మొదటినుంచి చివరిదాకా చదవలేదు.

"చూడలేదు" అంది.

కాపలా మనిషికి జవాబు రాయాలి కదా. వదినే రాసింది. "హెచ్చరికలు సరిచేశాం. చూసుకోండి. చెయ్యి ఎలా ఉంది? ఈ బ్లాగు రాసినాయన చనిపోయారు. నేను ఆయన భార్యను." చనిపోయారు అనే మాట అంతవరకు ఆమె ఎక్కడా రాయలేదు. కాగితాలన్నింటిమీదా వేరేవాళ్ళే నింపారు. మాట తెరమీద మామూలు మందంలో, మిగతా మాటలతోపాటే ఉంది. పంపేసింది.

రెండోరోజు జవాబు వచ్చింది. "అయ్యో, తెలియదమ్మా. ఆయన నాకు మొహం తెలియదు కానీ, ఆయన చెప్పినట్టే చేసేవాణ్ణి. చెయ్యి బాగానే ఉంది." ఆ కిందే ఇంకొకటి. "ఏమనుకోకండి. మా లిఫ్టు నాలుగో అంతస్తు దగ్గర తలుపు మూసుకుని మళ్ళీ తెరుచుకుంటోంది. ఇంక ఎవర్ని అడగాలో తెలియడం లేదు."

వదినకు కోపం రాలేదు. మనిషి పోయినా లిఫ్టు ఆగదు కదా అనుకుంది. తలుపుల గురించి ఆయన రాసింది వెతికి తెరిచింది. ఈసారి చదవక తప్పలేదు. "ముందు గుమ్మం గాడిలో చూడండి. చాలాసార్లు అక్కడ ఏ గోళీయో చీపురుపుల్లో ఉంటుంది. అది తీయండి. తీసింది జేబులో వేసుకోండి, మళ్ళీ అక్కడే పడేయకండి." భోజనం దగ్గర చెప్పినట్టే ఉంది. ఆ పేజీ పంపింది. గాడిలో సీసా మూత దొరికిందని సాయంత్రానికి కాపలా మనిషి రాశాడు.

ఆ తరవాత ఇంకెవరెవరో అడిగారు. వదినకు తెలిసినంత తెలుసు, తెలియనివి తెలియవు. లిఫ్టాయనతో కలిసి పనిచేసిన మెకానిక్ ఒకాయనకు దగ్గరి చూపు మందగించి కళ్ళద్దాలకు వస్తే, ఫ్రేము సరిచేస్తూ అడిగింది. "అన్నయ్యా, ఆదివారం మధ్యాహ్నం గంటసేపు మా ఇంటికి వస్తారా? బ్లాగులో అడిగేవాటికి మీరు జవాబులు చెబితే చిన్నది రాస్తుంది."

"మూడో అంతస్తు కదమ్మా" అన్నాడాయన మోకాలు పట్టుకుని. కానీ వచ్చాడు. ఇప్పటికీ వస్తున్నాడు. మొదటి మలుపు దగ్గర ఒకసారి, రెండో మలుపు దగ్గర ఒకసారి ఆగుతాడు.

వదిన బ్లాగులో పాతవన్నీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది, దుకాణానికి వెళ్ళే బస్సులో. ఒకరోజు ఇరుసుకి నూనె పెట్టడం గురించి చదువుతూ చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయింది. బస్సు చాలాదూరం వెళ్ళి ఆగింది. ఎండలో వెనక్కి నడిచింది. దుకాణం చేరేసరికి పిక్కలు లాగుతున్నాయి, ఒక చెప్పు మడమ దగ్గర ఒరుసుకుని చర్మం లేచింది.

"ఏమైందమ్మా?" అన్నాడు యజమాని.

"మంటగా ఉందండీ" అంది వదిన. స్టూలుమీద కూర్చుని మడమ పట్టుకుంది. "బాగా మండుతోంది. తెలుస్తోందండీ."

ఆయన పట్టీ కోసం సొరుగు తెరిచాడు.