పాస్‌పోర్టుకు పిస్తోలు పెట్టె

కెనడాలోని ఎడ్మంటన్ విమానాశ్రయం ముందు, పట్టపగలు, నా చేతిలో ఆయుధం లేకుండానే నేను ఆయుధాల కేసులో ఇరుక్కోబోయిన వైనం ఇది. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు పోలీసాయన కూడా నవ్వాడు.

దీనికంతటికీ మూలం నా రూమ్మేట్ హర్ష. వాడికి లైసెన్సున్న పిస్తోలు ఒకటుంది. దాన్ని తుపాకీ కాల్చడం సాధన చేసే షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లే పద్ధతి చూస్తే, ఉత్సవ విగ్రహాన్ని ఊరేగింపుకు తీస్తున్నారా అనిపిస్తుంది. ఒకసారి తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో అందరూ బిర్యానీ వదిలేసి వాడి కారు డిక్కీ చుట్టూ చేరారు.

"తూటాలు తీసేస్తా. ట్రిగ్గర్‌కి తాళం, పెట్టెకి తాళం, డిక్కీకి తాళం. పెట్టె ఒకచోట, తాళంచెవి ఇంకోచోట. దారిలో టీకి కూడా ఆగను" అన్నాడు హర్ష.

"ఎంత రెస్పాన్సిబులో!" అంది శ్రావణి.

శ్రావణి మా పై ఫ్లోర్‌లో ఉంటుంది. ఇన్నేళ్లుగా ఒక్క ట్రాఫిక్ టికెట్ లేకుండా మంచులో కారు నడుపుతున్న నన్ను ఆ మాట ఎవరూ అనలేదు. కడుపులో ఆవకాయ జాడీ పగిలినట్టయింది.

పిస్తోలు కొందామంటే, కెనడా చట్టం ప్రకారం ఇప్పుడు కొత్తగా ఎవరికీ అమ్మరు. పెట్టె అమ్ముతారుగా! అచ్చం హర్షదిలాంటి నల్ల ఉక్కుపెట్టె కొని, స్టీలు తీగతో డిక్కీలో కట్టేశాను. లోపల పెట్టడానికే ఏమీ లేదు.

దేవుడు కరుణించాడు. శ్రావణి తన చెల్లి పెళ్లికి హైదరాబాద్ వెళ్తూ, ఎయిర్‌పోర్టులో దింపమని నన్నే అడిగింది.

"పాస్‌పోర్ట్ ఇటివ్వు, సేఫ్‌గా పెడతా."

"హ్యాండ్‌బ్యాగ్‌లో ఉందిగా సందీప్?"

"హ్యాండ్‌బ్యాగ్‌కి తాళం ఉందా?"

పాపం, ఇచ్చింది. ఇంటి దగ్గరే దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాను.

ఎయిర్‌పోర్టు దగ్గర డిక్కీ తెరిచాక గుర్తొచ్చింది, తాళంచెవి ఇంకోచోట ఉందని. ఆ ఇంకోచోటు మా వంటింట్లో బియ్యం డబ్బా.

తాళంచెవి తెమ్మని హర్షకు ఫోన్ చేశాను.

"బియ్యంలో ఎందుకు పెట్టావురా?"

"వేరే చోట పెట్టాలని నువ్వే అన్నావుగా!"

"రేంజ్‌కి వెళ్లేటప్పుడు జేబులో వేసుకుని వెళ్తా కదరా నాయనా!"

ఇటు శ్రావణి ఏడుపు మొదలుపెట్టింది. "కౌంటర్ మూసేస్తారు. ఈ ఫ్లైట్ పోతే పెళ్లి అయిపోయాక దిగుతా. ఏదో ఒకటి చెయ్యి!"

చేశాను. అద్దాల మీద మంచు గీకే పరికరంతో పెట్టె మూత పీకడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఒక పోలీసాయన భుజం తట్టాడు. అందులో తుపాకీ ఉందా అని అడిగాడు.

"లేదు సార్, పాస్‌పోర్టు."

మీదేనా అన్నాడు.

"కాదు, ఈ అమ్మాయిది."

పాఠకులారా, ఒక్కసారి ఆయన చోట నిలబడి చూడండి. ఏడుస్తున్న అమ్మాయి, తుపాకీ పెట్టెలో ఆమె పాస్‌పోర్టు, పక్కన చెమటలు కక్కుతున్న నేను. ఆయన చెయ్యి మెల్లగా వాకీటాకీ మీదికి వెళ్లింది.

శ్రావణి కళ్లు తుడుచుకుంది. "హీ ఈజ్ నాట్ డేంజరస్, ఆఫీసర్. జస్ట్ జెలస్."

అంటే తనకు మొదటినుంచీ తెలుసన్నమాట! అరెస్టు చేసినా బాగుండేది.

అంతలో హర్ష పరుగున వచ్చాడు, చెయ్యంతా బియ్యప్పిండి. పెట్టె తెరుచుకుంది. పోలీసాయన నా కోటు వైపు చూపించి, దానికి జేబులున్నాయని మర్యాదగా గుర్తుచేసి నవ్వుతూ వెళ్లిపోయాడు. శ్రావణి లోపలికి పరిగెడుతూ వెనక్కి తిరిగి అరిచింది: "థాంక్యూ హర్షా! ఆ తాళంచెవి నీ దగ్గరే ఉంచు!"

శ్రావణికి చెల్లి పెళ్లి అందింది. తాళంచెవి ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది. కాబట్టి ఆ బియ్యం డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో హర్ష కొన్నది చూసి నేను కొనను.

వాడు నిన్న స్కీయింగ్ సామాను తెచ్చాడు. ధర కనుక్కున్నాను, అంతే.