నీలం బుట్ట ఆగే చోట్లు

మా నాయనమ్మ రెండేళ్లపాటు నేల మీద కాలు పెట్టలేదు. ఆవిడేదో తపస్సు చేసిందనుకునేరు, అలాంటిదేమీ లేదు. మేముండేది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు డెబ్బై రెండు, నాయనమ్మ మోకాళ్లు రెండు. లెక్క కుదరలేదు, అంతే. లెక్కలు కుదరకే నేను తొమ్మిదో తరగతిలో ఆగిపోయాను, ఆవిడ నాలుగో అంతస్తులో ఆగిపోయింది. అందుకే ఒకరినొకరు ఎగతాళి చేసుకునే హక్కు మా ఇద్దరికీ సమానంగా ఉంది.

మేముండే చోట అద్దె ఒక్కటే తక్కువ, మిగతావన్నీ ఎక్కువే. మెట్లెక్కువ, మనుషులెక్కువ, చప్పుడెక్కువ. గోడలు మాత్రం బాగా పలచన. పక్కింటాయన తుమ్మితే మా నాన్న ఇక్కడ ముక్కు తుడుచుకుంటాడు. ఒక గది, ఒక వంటిల్లు, వీధి వైపు ఒక బాల్కనీ. ఆ బాల్కనీలో ఒక్కరే పడతారు. అటు నిలబడ్డవాళ్లు ఇటు తిరగాలంటే లోపలికొచ్చి, తిరిగి, మళ్లీ వెళ్లాలి. అదే నాయనమ్మ రాజ్యం.

ఆ రాజ్యానికి వాహనం ఒక నీలం ప్లాస్టిక్ బుట్ట. దాని తాడు బాల్కనీ కమ్మీకి కట్టి ఉంటుంది. ముప్పై ఏళ్లు పుస్తకాల బైండింగు షాపులో పనిచేసిన చెయ్యి ఆవిడది. ఆ చేత్తో వేసిన ముడిని ఎవరూ విప్పలేరు, కోసుకోవాల్సిందే. కింద కూరగాయల బండి ఆగితే బుట్ట దిగుతుంది, టమాటాలతో పైకొస్తుంది. ఇప్పటికీ షాపువాళ్లు నోటు పుస్తకాల కాగితాలు ఇంటికే పంపుతారు. అవి బుట్టలో ఎక్కి, నాయనమ్మ చేతిలో కుట్టుపడి, బుట్టలోనే దిగుతాయి.

అయితే ఆ బుట్ట తిన్నగా పైకి రాదు. దారిలో మూడు బాల్కనీలున్నాయి. మొదటి అంతస్తులో ఏడాది కిందట చేరిన టైలరమ్మాయి, రెండో అంతస్తులో రిటైరైన బస్సు కండక్టరు, మూడో అంతస్తులో ఆసుపత్రి నర్సు. బుట్ట ఎదురుగా వచ్చినప్పుడు ఎవరైనా అందులోంచి ఒక్కటి తీసుకోవచ్చు, ఒక్కటే. ఎప్పుడో ఒకప్పుడు ఒకటి వెయ్యాలి. ఈ చట్టం ఎవరు చేశారో తెలీదు గానీ, మీరినవాళ్లు లేరు. కండక్టరు గారి దగ్గర పాత విజిల్ ఇంకా ఉంది. ఒకసారి ఊదితే బుట్ట ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. నాయనమ్మ పైనుంచి తాడు పట్టుకుని డ్రైవరులా వింటుంది.

ఒకసారి బయట తాళం నొక్కేసి, తాళంచెవి ఇంట్లోనే మరిచిపోయి, నేను కిందుండి అడిగితే నాయనమ్మ బుట్టలో వేసి దింపింది. నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సు కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి, తన వంతు ఒక్కటీ తీసుకుని, పడుకుంది. తలుపు ఎంత కొట్టినా లేవలేదు. బుట్టలో ఉన్నదే ఆ ఒక్కటి. తలుపు బయట తాళం, లోపల నాయనమ్మ, మెట్ల మీద నేనూ మా అమ్మా. సాయంత్రం నర్సు నిద్ర లేచి, దిండు కింద తాళంచెవి చూసుకుని, "ఇదేం కూర పెద్దమ్మా?" అని పైకి కేకేసేదాకా అలాగే ఉన్నాం.

పైనుంచి చూస్తే నాయనమ్మకు మనుషులు కనిపించరు, చేతులే కనిపిస్తాయి. వాచీ ముంజేతి లోపలి వైపు పెట్టుకున్న చెయ్యి నర్సుది. టమాటా తీసేముందు కూడా వేలు తడి చేసుకునే చెయ్యి కండక్టరుది. వేలికి చిన్న ఇనప టోపీ తొడుక్కున్న చెయ్యి టైలరమ్మాయిది. ఆ పిల్ల మొహం నాయనమ్మ ఏడాదిగా చూడనేలేదు. అయినా "ఈ వేళ ఆ చెయ్యి దిగులుగా ఉందే కోతీ, కనుక్కునిరా" అని నన్ను పంపేది. కోతి అంటే నేనే.

ఇలా ఉండగా మా నాన్న ఒక ఇల్లు చూసొచ్చాడు. నాన్న సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. రోజంతా కూర్చునే పని కాబట్టి ఆయన పొట్ట ఆయనకంటే ముందు నడుస్తుంది. ఆ ఇల్లు ఊరి చివర, రెండు బస్సులు మారితే వస్తుంది. ఒకే అంతస్తు, ముందు కాస్త ఖాళీ స్థలం.

"నేల మీద ఇల్లమ్మా. తలుపు తీస్తే వీధే. రెండేళ్లయింది నువ్వు బయటికొచ్చి. ఆదివారం ఇల్లుగలాయనకి మాటిచ్చేస్తాను."

"నేల మీద ఇంట్లో బుట్ట ఎక్కడికి దింపనురా?"

"బుట్టెందుకు, నువ్వే వెళ్లి తెచ్చుకోవచ్చు."

"తెచ్చుకుంటాను సరే. చేతులేవీ?"

నాన్నకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆయన గట్టిగా మాట్లాడతాడు. "చేతులు కాదమ్మా, కాళ్ల సంగతి చెప్పు. ఈ మెట్లు దిగి, కింద టీ కొట్టు బల్ల ముట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కొచ్చి మన తలుపు తట్టు. అప్పుడు ఇంటి మాట ఎత్తను."

"ఆదివారం అన్నావుగా. ఆదివారమే."

మా అమ్మ ఎవరి పక్షమూ చేరలేదు. ఎవరు గెలిచినా వంట తనే చెయ్యాలంది.

నాయనమ్మ దిగడం మానింది ఒట్టి నొప్పి వల్ల కాదని నాకొక్కదానికే తెలుసు. రెండేళ్ల కిందట మూడో అంతస్తు పైన పదో మెట్టు మీద మోకాలు పట్టేసి కూలబడిపోయింది. వెనక గ్యాసు బండ మోసుకుంటూ ఒకాయన, ముందు నీళ్ల బిందెలతో ఇద్దరు. ఆవిడ లేచేదాకా ముగ్గురూ బరువులతో అలాగే నిలబడ్డారు. "బ్రేకు డౌనైన బస్సులా దారికడ్డంగా ఉండిపోయానే" అని ఆ రాత్రి గోడ వైపు తిరిగి చెప్పింది. గోడలు పలచన కాబట్టి చాలా మెల్లగా చెప్పింది.

శనివారం నాచేత ఒక చీటీ రాయించి బుట్టలో దింపింది. నా చేతిరాత, నా తప్పులు: "ఇన్నాళ్లూ మీరు ఒక్కోటి తీసుకున్నారు. రేపు నా వంతు. మీ గుమ్మం ముందు ఒక్కో స్టూలు వెయ్యండి." బుట్ట మూడు చోట్లా ఆగి కిందికి చేరింది. తర్వాత రెండు విజిళ్లు వినిపించాయి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నాన్న టీ కొట్టు బల్ల మీద కాపు కాశాడు. నాయనమ్మ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, పీతలా పక్కకి తిరిగి దిగడం మొదలుపెట్టింది. వెనక నేను. ఆ పదో మెట్టు దగ్గర కాలు ఆగింది. నేను చెయ్యి చాపాను.

"చెయ్యి తియ్యవే, ఓడిపోతాం" అంది. కాసేపు ఆ మెట్టు వంకే చూసింది, పాత బాకీదారుణ్ణి చూసినట్టు. తర్వాత దాని మీద నుంచే దిగింది.

మూడో అంతస్తు స్టూలు మీద కూర్చోగానే నర్సు తలుపు తీసింది. కూర్చోవడం, లోపలికి వెళ్లడం, మంచినీళ్లు, మాటలు. రెండో అంతస్తులో కండక్టరు గారు ఒక విజిల్ ఊది ఆపి, రెండు విజిళ్లు ఊది పంపారు. మొదటి అంతస్తులో తలుపు తీసిన పిల్లను చూసి నాయనమ్మ, "ఏదమ్మాయ్, చెయ్యి చూపించు" అంది. ఆ పిల్ల చూపించింది. "నువ్వే. పైనుంచి రంగు కాస్త తక్కువగా కనిపించింది" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎందుకో నాకు తెలీలేదు గానీ నేనూ నవ్వాను.

ఆవిడ టీ కొట్టు బల్ల మీద చెయ్యి వేసేసరికి పదకొండయింది. "ఇదేం దిగడం?" అన్నాడు నాన్న. "మధ్యలో ఆగావు."

వెనకే వచ్చిన కండక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "బాబూ, బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగుతుంది. ఆగిందని టికెట్టు చెల్లదంటావా?"

అంతలో చెత్త లారీ వచ్చి హారను కొట్టింది. దారికడ్డంగా ఉన్నది ఆయన వ్యానే. తీసి పక్క వీధిలో పెట్టి వచ్చేసరికి బల్ల మీద నాయనమ్మ లేదు. రెండు అంగల్లో అందుకుంటాననుకుని మెట్లెక్కాడు. అప్పటికి ఆవిడ టైలరమ్మాయి గదిలో తలుపు వేసుకుని జాకెట్టుకు కొలతలిస్తోంది. నాన్న ఆ తలుపు దాటి, ఇంకో రెండు తలుపులు దాటి, ఇంటికి చేరాడు.

"ఇంకా రాలేదు" అంది అమ్మ.

కంగారుగా కిందికి దిగాడు. టీ కొట్టాయన్ని అడిగాడు. మళ్లీ ఎక్కాడు. ఈసారి నాయనమ్మ కండక్టరు గారింట్లో ఆయన సర్వీసులో తిరిగిన రూట్లన్నీ వరసగా వింటోంది. నాన్న పైకి వెళ్లి, మళ్లీ దిగి, మెట్ల మీదున్న నన్ను పట్టుకున్నాడు. "నాయనమ్మేదే?"

"ఎక్కుతోంది నాన్నా" అన్నాను. అబద్ధం కాదు.

ఆయన వీధి చివరిదాకా వెళ్లి చూసి, మూడోసారి ఎక్కడం మొదలుపెట్టాడు. రెండో అంతస్తు చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాయనమ్మ కోసం వేసిన స్టూలు మీద కూలబడ్డాడు. అదిగో, సరిగ్గా అప్పుడు, పైన ఎక్కడో మూడుసార్లు తలుపు తట్టిన చప్పుడు. పలచన గోడల పుణ్యాన అందరికీ వినబడింది. తట్టిన తీరు చూస్తే బైండింగులో అట్ట మీద జిగురు అంటుకోవడానికి కొట్టినట్టుంది.

కాసేపటికి బయట తాడు కదిలింది. కండక్టరు గారు లోపలికెళ్లి ఒక విజిల్ ఊది, బుట్టలోంచి నీళ్ల సీసా తెచ్చి నాన్న చేతికిచ్చారు. నాన్న సగం తాగి, మెట్ల సందులోంచి పైకి తలెత్తాడు.

"అమ్మా, ఆ ఇల్లుగలాయనకి వద్దని చెప్పేస్తాలే."

"చెబుదువుగాని. ముందు ఊపిరి పీల్చుకో. ఇంకా రెండంతస్తులున్నాయి నీకు."

ఆ స్టూళ్లు ఎవరూ లోపల పెట్టుకోలేదు. నాయనమ్మ ఆదివారం ఆదివారం దిగుతోంది, చేతులకు మొహాలు కలుపుకుంటోంది. మిగతా ఆరు రోజులూ ఆ స్టూళ్లు వాడేది మా నాన్నే. సాయంత్రం వ్యాను ఆగిన చప్పుడు వినగానే నాయనమ్మ బాల్కనీలోంచి కిందికి వంగుతుంది.

"కండక్టరూ, మావాడు ఎక్కడిదాకా వచ్చాడు?"

"రెండో స్టేజీలో ఉన్నాడక్కయ్యా."

"ఆగాడా, పడుకున్నాడా?"

"చూస్తే పడుకునేలాగే ఉన్నాడు."

"అయితే రెండు విజిళ్లు ఊదు. అన్నం చల్లారిపోతోంది."