కుదుపుల్లేని జీపు

లోవరాజు జీపులో ఎడమ సీటు ఖాళీ అయి ఏడాది పైమాటే. బండి మాత్రం ఈమధ్య కాలంలో ఆ చుట్టుపక్కల ఏ బండీ బాగుపడనంతగా బాగుపడింది.

ఉప్పుటేరు వైపు రొయ్యల చెరువుల మధ్యన ఉంటుంది అతని ఇల్లు. సాయంత్రమయ్యేసరికి జీపు తీసి, గట్ల మీదుగా భీమవరం పొలిమేరలోని టీ కొట్టు దాకా వెళ్లిరావడం అలవాటు. మొదట్లో తోడుగా జగన్నాథరావు మాస్టారు వచ్చేవారు. ఒకనాడు ఆయన, "దుమ్మండీ లోవరాజుగారూ, నా గొంతుకి పడట్లేదు," అన్నారు. వారం తిరక్కుండా లోవరాజు జీపుకి కొత్త టాపు వేయించి, పక్కలకి తెరలు కుట్టించాడు. మాస్టారు ఆ తెరల్ని చేత్తో తడిమి చూసి, బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని, మళ్లీ ఎక్కలేదు. తరవాత మేత కొట్టు బుల్లియ్య వచ్చేవాడు. అతను, "సీటు మరీ చెక్కలా ఉందండి బాబూ," అన్నాడు. లోవరాజు ఎక్కడిదో పాత కారు సీటు తెచ్చి బిగించాడు. బుల్లియ్య దాని మీద ఒక్కసారి కూర్చుని, "సోఫాలా ఉందండీ," అని, ఆ నెలలోనే మోటారుసైకిలు కొనుక్కున్నాడు.

చివరికి మిగిలినవాడు యెహెజ్కేలు. ఐసు ఫ్యాక్టరీలో చేసి మానేసిన మనిషి, నెమ్మదస్తుడు. పోయిన వేసవిలో అతనూ అన్నాడు: "నడుం పట్టేత్తందండి. ఈ గట్ల మీద మీ జీపు కుదుపులున్నాయి చూశారూ, అవి పడట్లేదండి. ఏవనుకోకండేం."

మన వైపు మనిషిని మొహం మీద మాట అనరు. బండిని అంటారు, దారిని అంటారు, ఎండని అంటారు. ఎదుటివాడు అర్థం చేసుకుంటాడులే అని ఊరుకుంటారు. లోవరాజు మాత్రం ఎవరేమన్నా ఉన్నదున్నట్టు నమ్మేసే రకం. దుమ్ము అంటే దుమ్మే, సీటు అంటే సీటే అనుకున్నాడు. ఇప్పుడు కుదుపులన్నారు కాబట్టి, డబ్బు కూడేసరికి ఏడాది పైనే పట్టినా, కుదుపుల పని పట్టాలనే అనుకున్నాడు.

అసలు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఒక్క అతనికి తప్ప. జీపు బయల్దేరిన కాసేపటికి రెండు చెరువుల మధ్య ఒక తూము వస్తుంది. అక్కడికి రాగానే లోవరాజు బండి నెమ్మది చేసి, వేలు చూపించి, "సరిగ్గా ఇక్కడేనండి," అని మొదలెడతాడు. మరి టీ తాగి ఇంటికి చేరేదాకా ఆగడు.

ఆ కథ అబద్ధమేమీ కాదు. తల్లిదండ్రులు తుని దగ్గర లోవలో అమ్మవారికి మొక్కుకుంటే పుట్టినవాడు లోవరాజు. చాలా ఏళ్ల తరవాత, ఏ మొక్కూ లేకుండా పుట్టినవాడు తమ్ముడు హరిబాబు. తండ్రి తొందరగా పోయాడు. తమ్ముణ్ణి చదివించి, పెళ్లి చేసి, చెరువు తవ్వించి ఇచ్చేసరికి అన్నకి పెళ్లీడు దాటిపోయింది. ఒక ఏడాది హరిబాబు చెరువులో రొయ్యకి తెల్లమచ్చ తగిలింది. జబ్బు నీళ్లని బ్లీచింగు చల్లి చెరువులోనే ఆపాలి, పక్క రైతుకి కబురు చెప్పాలి. అది చెరువుల మీద బతికేవాళ్ల కట్టుబాటు. హరిబాబు చెప్పలేదు. తూము ఎత్తేశాడు. ఆ నీళ్లే కాలవలో కలిసి, మోటారులోంచి అన్న చెరువులోకి వచ్చాయి. రేపో మాపో వల దించి పట్టుబడి చేద్దామనగా లోవరాజు రొయ్య మొత్తం గట్టు వారకి తేలిపోయింది. నష్టం గురించి కాదు అతని బాధ. "ఒక్క మాట చెప్తే నేను మోటారు ఆపుకునేవాణ్ణి కదండీ. అన్నయ్యా, ఇలాగైంది, అని ఒక్క ముక్క!" ఆ ముక్క చెప్పి, ప్రతిసారీ ఒకేలా మళ్లీ మొదటికి వస్తాడు. పదేళ్లుగా.

బండి పని కోసం ముందు మెకానిక్ గణేష్‌బాబు దగ్గరికే వెళ్లాడు. గణేష్‌బాబు అతన్ని చూడగానే బోనెట్ కిందికి తల మరింత దూర్చాడు.

"కమాన్లు మార్చాలా? మన దగ్గర నెల దాకా ఖాళీ లేదండి. అయినా మీకు నేనెందుకండీ? ఇంటి దగ్గర మీరే ఏసేసుకోగలరు. చెయ్యి తిరిగినోరు."

ఆ పొగడ్తకి పొంగిపోయి లోవరాజు ఇంటికొచ్చాడు. ఫోనులో వీడియోలు చూశాడు. కమాన్లంటే ఇరుసు మీద బండి బరువు మోసే వంపు తిరిగిన ఇనప పట్టీల కట్టలు. పాత జీపుకి ఉన్నవి ఒకదాని మీద ఒకటి బోలెడు పట్టీలు, బస్తాలు మొయ్యడానికే తప్ప మనిషికి సుఖం కాదు. కొత్త రకంలో పట్టీలు తక్కువ. మధ్యలో లావుగా, చివరలకి పల్చగా, మెత్తగా సాగుతాయి. నాలుగు చక్రాలకీ అవి, వాటికి జతగా గ్యాసుతో నిండిన షాకబ్జర్లు తెప్పించాడు. పార్సిలు లారీలో వస్తే, బియ్యం బస్తా అంత బరువున్న ఆ కట్టల్ని ఒక్కొక్కటీ తనే దింపుకున్నాడు.

ఇంటి ముందు సిమెంటు కళ్లం మీద జీపుని జాకీతో లేపి, చట్రం కింద తాటి మొద్దులు పెట్టాడు. ఉప్పుగాలికి బోల్టులన్నీ తుప్పు పట్టి ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. డీజిలు పోసి నానబెట్టాడు. అవి వదలడం ఒక ఎత్తు, రెండు చేతులే ఉండటం ఇంకో ఎత్తు. లోపలి నుంచి నట్టు తిప్పుతుంటే బయట బోల్టు తల తిరిగిపోతుంది. అటు ఒకరు పానా పట్టుకుంటే తప్ప ఊడదు. కాసేపు కాలి మడమతో తొక్కిపట్టి చూశాడు. చివరికి దడి పక్కన చేపల బుట్ట కడుగుతున్న పక్కింటి చిట్టెమ్మని పిలిచాడు.

"ఒక్క రవ్వ ఈ పానా పట్టుకోమ్మా."

"పట్టుకుంటే నాకేటిత్తారు? రోజూ నన్ను టీకి తిప్పుతారా?" అంది చిట్టెమ్మ, చేతులు చీరకి తుడుచుకుంటూ.

"నువ్వు ఎక్కుతానంటే తిప్పనా?"

"బాబోయ్! నాకు చెవులు మంచియ్యి అన్నయ్యగారూ, ఇంకా కొన్నాళ్లు కావాలి," అని నవ్వింది. లోవరాజు కూడా నవ్వాడు. ఇంజను చప్పుడు గురించి అనుకున్నాడు.

ముందు చక్రాల పాత కమాన్లు రెండూ దింపి పక్కపక్కన పడుకోబెడితే చిట్టెమ్మ వంగి చూసింది. నడిపేవాడి వైపుది వంపంతా పోయి పలకలా చదునైపోయింది. ఎడమ వైపుది ఇంకా విల్లులా ఉంది.

"ఇదేటండీ, ఒకటి ముసలిదైపోయి ఇంకోటి పడుచుగా ఉంది?"

"అటుపక్క ఎవరూ కూర్చోరు కదమ్మా," అన్నాడు లోవరాజు. ఆ మాట మామూలుగానే అన్నాడు, కానీ కొత్తది ఎత్తి ఎడమ వైపు అమర్చేటప్పుడు ఎందుకో దాని మీద అరిచెయ్యి కాసేపు ఉంచాడు.

చిట్టెమ్మ పానా కింద పెట్టి లేస్తూ, "కుదుపంతా ఇనప ముక్కల్లోనే ఉందనుకుంటున్నారు మీరు," అంది. లోవరాజు బండి కింద ఉండి, "ఆయ్, రబ్బరు బుష్‌లు కూడా మార్చేశానమ్మా," అని జవాబిచ్చాడు.

బండిని కిందికి దింపి, బరువంతా చక్రాల మీద పడ్డాక చివరి బిగింపులు బిగించాడు. గాలిలో ఉండగానే బిగిస్తే కమాను బిర్రుగా ఉండిపోతుందని వీడియోలో చెప్పారు. ఆ జాగ్రత్తా తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కోడిగుడ్ల అట్ట ఒకటి కొని ఎడమ సీటు మీద పెట్టుకుని, ఉన్న గట్లలో పాడైపోయిన గట్టు ఎంచుకుని అటు చివరి దాకా నడిపాడు. తిరిగొచ్చి చూసుకుంటే ఒక్క గుడ్డూ చిట్లలేదు. చిన్నపిల్లాడిలా ఆ అట్ట చేతిలో పట్టుకుని ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, ఎవరికైనా చూపిద్దామని. ఎవరూ కనబడలేదు.

సాయంత్రం లోవరాజు గుడ్లతో సహా యెహెజ్కేలు ఇంటి గుమ్మంలో దిగాడు.

"చూడండి! ఒక్కటి పగిల్తే ఒట్టు. మీ నడుం గుడ్డుకన్నా సుకువారమేంటండీ?"

యెహెజ్కేలు గుడ్ల వంక, జీపు వంక, ఇంట్లోకి ఒకసారి చూశాడు. ఎక్కకపోవడానికి ఇక ఏ దారీ లేదు. "ఎంత పని చేశారండీ, నా కోసం," అన్నాడు నొచ్చుకుంటున్నట్టుగా. చెప్పులేసుకుని వచ్చి, గుడ్ల అట్ట వెనక్కి పెట్టి, ఎడమ సీట్లో కూర్చున్నాడు.

జీపు కదిలింది. గుంతలో దిగి లేచినా పడవ మీద వెళ్తున్నట్టే ఉంది. పాత బండిలో ఇనప చప్పుళ్లకి అరిస్తే తప్ప మాట వినిపించేది కాదు. ఇప్పుడు చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్మే చప్పుడు కూడా లోపలికి స్పష్టంగా వస్తోంది. లోవరాజు మనసు నిండిపోయింది. పక్కన మనిషి ఉన్నాడు.

తూము వచ్చింది. ఈ పూట తొందరేముంది అనుకుని లోవరాజు బండి పూర్తిగా ఆపేశాడు. ఇంజను కూడా కట్టేశాడు. వేలు చాపి, "సరిగ్గా ఇక్కడేనండి..." అన్నాడు.

"అబ్బా, నడుం!" అన్నాడు యెహెజ్కేలు, చెయ్యి వెనక్కి పెట్టుకుని.

బండి ఆగి ఉంది. చక్రం కదల్లేదు.

ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. యెహెజ్కేలు చెయ్యి నడుం మీదే ఉండిపోయింది. తియ్యడానికి మొహం చెల్లలేదు. లోవరాజు చాపిన వేలు మెల్లగా స్టీరింగు మీదికి వచ్చింది. మాస్టారి దుమ్ము, బుల్లియ్య సీటు, మెకానిక్కు చెప్పిన నెల గడువు, చిట్టెమ్మ చెవులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కళ్లముందు నిలబడ్డాయి. ఏరేటరు నీళ్లు చిమ్ముతూనే ఉంది.

చివరికి లోవరాజే అన్నాడు: "కమాన్లు ఇంకా సర్దుకోలేదనుకుంటానండి. కొత్తయ్యి కదా."

"అంతేనండి, అంతే," అన్నాడు యెహెజ్కేలు గబగబా. "కొత్తయ్యి కదండీ. కొన్నాళ్లు పడద్ది."

"ఇంటి దగ్గర దింపేయమంటారా?"

"ఎంత మాట. టీకే పోనివ్వండి."

పోనిచ్చాడు. ఏదైనా మాట్లాడాలని లోవరాజు వెతుక్కున్నాడు. ఎండల గురించా, రొయ్య రేటు గురించా? ఏది ఎత్తుకోబోయినా దాని కొస వెళ్లి ఆ తూముకే తగులుతోంది. పదేళ్లలో తన దగ్గర ఇంకో కబురే పోగుపడలేదని అతనికి అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని నడిపాడు.

కాస్త దూరం పోయాక యెహెజ్కేలే ఎత్తుకున్నాడు. "మా ఆవిడకి సుగరు బాగా ముదిరిందండి. పోయినేడు ఉగాది ముందర కాలి వేలు తీసేశారు. ఇప్పుడు పర్లేదండి, గోడ పట్టుకుని నడుత్తంది."

లోవరాజు తల తిప్పి చూశాడు. "ఉగాది ముందరా? మనం అప్పుడు రోజూ టీకి వెళ్లేవాళ్లం కదండీ?"

"ఎల్లేవోళ్లమండి," అన్నాడు యెహెజ్కేలు, రోడ్డు వంక చూస్తూ.

అంతకుమించి అనే మనిషి కాదు. టీ కొట్టు దగ్గర బల్ల మీద పక్కపక్కన కూర్చుని టీ తాగారు. కొట్టువాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏంటండీ, తగువాడుకున్నారా?" అని అడిగాడు కూడా. తిరిగొచ్చేటప్పుడు తూము దగ్గర లోవరాజు బండి నెమ్మది చెయ్యలేదు.

గుమ్మం దగ్గర దిగి యెహెజ్కేలు జీపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. "మరి రేపు..." అని ఆగాడు. మిగతా మాట కోసం అతను వెతుక్కుంటున్న తీరు చూసి లోవరాజుకి జాలేసింది.

"రేపొద్దులెండి. ఈ కమాన్లు మీ నడుముకి ఇంకా పడట్లేదు. నేను చూశాను కదా. సర్దుకున్నాక నేనే కబురు పెడతాను," అన్నాడు. వెనక నుంచి గుడ్ల అట్ట తీసి అందించాడు. "అమ్మగారికి ఇవ్వండి. ఒక్కణ్ణి, నేనేం చేసుకుంటాను ఇన్ని."

యెహెజ్కేలు అట్ట రెండు చేతులా పట్టుకుని, జీపు మలుపు తిరిగేదాకా లోపలికి వెళ్లకుండా అక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి దడి అవతల చిట్టెమ్మ పొయ్యి ఊదుకుంటోంది. "ఏటన్నయ్యగారూ, ఎక్కారా ఆయన?"

"ఎక్కారమ్మా."

"మరి?"

"పాపం, నడుం నెప్పి నిజంగానే ఎక్కువగా ఉంది," అన్నాడు లోవరాజు.

ఆమె గొట్టం పక్కన పెట్టి, తరవాత వచ్చే కథ కోసం కాబోలు, అలవాటుగా ఒక నిట్టూర్పు విడిచింది. కథ రాలేదు. లోవరాజు దడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా పక్కింట్లో ఉన్న మనిషి. ఈమెని ఒక మాట అడగాలి. చేపల బేరం సంగతో, ఒంట్లో ఎలా ఉందనో, పిల్లలెక్కడున్నారనో. పిల్లలున్నారా? అదీ సరిగ్గా తెలియదు. తెలియకుండా అడిగితే ఏమనుకుంటుందో. ఎలా మొదలెట్టాలో అతను ఇంకా కూడబలుక్కుంటుండగానే అన్నం ఉడికినట్టుంది, చిట్టెమ్మ గిన్నె గుడ్డతో పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.