అరింటో సీసా, నిమ్మచెక్క

బంగళా వెనక నుంచి దబ్‌దబ్‌మని చప్పుడు. గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ మీద రోకలి పడుతోంది. కాసేపు ఆగింది. మళ్ళీ పడింది. ఆ తర్వాత తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ మజీద్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. బందరు ప్రయాణికుల బంగళాలో పదహారేళ్ళుగా వంటమనిషి.

తుఫాను షెల్టర్లు కట్టించడానికి వచ్చిన పోర్చుగీసు ఇంజనీరు పొద్దున్నే ఒక సీసా అతని చేతిలో పెట్టి, సాయంత్రం చేపతో ఇమ్మన్నాడు. దాని మీది పేరు మజీద్ రెండుసార్లు చదువుకున్నాడు. అరింటో. తెల్లద్రాక్ష వైను. పడుచుతనంలో గోవాలో ఒక పోర్చుగీసు డాక్టరింట పనిచేస్తూ ఎన్ని వందలసార్లు వడ్డించాడో. అరవై ఒకటిలో గోవా మనదయ్యాక డాక్టరు ఓడెక్కాడు, మజీద్ బందరు రైలెక్కాడు. మళ్ళీ పదిహేడేళ్ళకి ఇవాళ. ఆ విద్య తనలో ఇంకా బతికుందో లేదో తేలేది ఈ ఒక్క సీసాతోనే.

చుక్క కూడా నోట వేసుకున్నవాడు కాదు. అయినా ఆ వైను అతనికి ముక్కుతో తెలుసు: గిల్లిన నిమ్మతొక్క, వాన తడిపిన రాయి. చల్లదనం కళ్ళతో తెలుసు. గ్లాసు మీద పట్టిన ఆవిరిలో వేలితో గీత గీస్తే నిలవాలి. జారితే మరీ చల్లబడినట్టు, గీతే పడకపోతే వేడెక్కినట్టు. పక్కన ఏం పెట్టాలో డాక్టరు నేర్పాడు. ఉప్పునీళ్ళలో ఉడికించిన పీతలు, నిప్పుల మీద కాల్చిన చేప. పులుపు మాత్రం తగలకూడదు. ద్రాక్షలోనే అది ఉంది కదా అనేవాడు.

ఈ మాట మీదే భార్య ఖాతూన్‌తో పదిహేనేళ్ళు వాదులాట. పచ్చి చింతకాయ నూరి వెయ్యనిదే ఆమె రొయ్యలు దించేది కాదు, నిమ్మచెక్క పిండనిదే చేప ముట్టేది కాదు.

"పులుపు లేని చేప జ్వరం మనిషికి పెట్టేదండీ. మీ డాక్టరుకి నాలుక పూసిందేమో," అనేది.

మజీద్ ఒక్కనాడూ ఒప్పుకోలేదు. నిరుడు ఆమె చెల్లెల్ని చూడ్డానికి నాగాయలంక వెళ్ళింది. ఉప్పెన వచ్చింది. అప్పటినుంచి ఒక్కడే వండుకుంటూ, ఆమె తిన్నట్టే తింటున్నాడు. ప్రతి ముక్క మీదా ఒక నిమ్మచెక్క.

సాయంత్రం పండుగప్ప చక్కగా కాలింది. గ్లాసు మీద గీత నిలిచింది. పళ్ళెం ఎత్తబోతూ చూసుకుంటే చేతిలో పిండేసిన నిమ్మచెక్క ఉంది. ఎప్పుడు పిండాడో తెలియలేదు. ఇంకో చేప లేదు. ఉన్న చేపనే తీసుకెళ్ళి, సగం మరిచిపోయిన పోర్చుగీసులో తప్పయిందని చెప్పుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఇంజనీరు ఓ ముక్క తిన్నాడు. ఓ గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ ద్రాక్షతోటల మధ్యే పుట్టానని, వాళ్ళమ్మ నిమ్మకాయ పిండకుండా చేప పెట్టేది కాదని, పులుపుకి పులుపే జోడని, డాక్టరు చెప్పింది ఆయన సొంత రుచి మాత్రమేనని చెప్పాడు. ఎదురు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మజీద్ కూర్చోలేదు.

ఈ సంగతి ఖాతూన్‌కి చెప్పడానికి గబగబా వంటింటి వెనక తాముండే గది దాకా వెళ్ళాడు. తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఉంది. పొద్దున పెట్టింది తనే. దాని మీద చెయ్యి వేసి, చీకటిపడే దాకా అక్కడే ఉండిపోయాడు.

మర్నాడు, బందరులో పనీపాటా చేసుకునేవాళ్ళ గురించి రాసుకోవడానికి వచ్చిన పత్రికాయనకి ఇదంతా చెప్పి, గోనెసంచిలో మిగిలిన ఐసు కరిగిన నీళ్ళు తులసిమొక్కల పక్కన పారబోసి వచ్చాడు. ఆయన సెలవు తీసుకుని గేటు దాకా వెళ్ళాక, వెనకనుంచి మెల్లిగా అన్నాడు:

"ఉండుంటే, ఇప్పటికి తెలిసిందా అని నవ్వేదండీ. ఆ నవ్వు కోసమైనా నేనెప్పుడో ఓడిపోవాల్సింది."