మిల్లు తాళం కింద చిన్నమ్మ కథలు

ముందే ఒప్పుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో కనబడిన బల్లి సూర్యాపేట బస్టాండు చేరేసరికి మొసలి అవుతుంది. కాబట్టి కొంత కోసేసి చదువుకోండి. ఎక్కడ కోయాలో చివర నేనే చెబుతాను.

నడిగూడెంలో మా చిన్నమ్మకు గొర్ల మంద ఉంది. మంద వెంట తిరిగిన రోజుల గురించి ఆమె చెప్పిన కథలన్నీ కలిపి చాలా ఏళ్ల కిందట ఒక పుస్తకం రాశాను. ఆమెకిచ్చిన ప్రతిని ఏడు గొర్రెలు బంతిలో కూర్చుని అట్టతో సహా భోంచేశాయి. అప్పటినుంచీ ఆమెది ఒకటే పోరు.

"బిడ్డా, నాకు సదువు రాదాయె. చెవులు గూడ మందమైతున్నయ్. గవి మొత్తానికే పోకముందు ఆ పుస్తకం ఒక్కపారి ఇనిపియ్యరాదు?"

నా దగ్గరా ప్రతి లేదు, దుకాణాల్లోనూ లేదు. హక్కులేమో మిర్యాలగూడ ప్రచురణకర్తవి. ఆయన అసలు వ్యాపారం బియ్యం మిల్లు. కోదాడలో ఆవిష్కరణ రోజున, నాకు శాలువా కప్పిన చేత్తోనే ఒక కాగితం ముందుకు తోశాడు. శాలువా కప్పించుకున్నవాడు కాగితం చదువుతూ కూర్చుంటే ఏం మర్యాద? చదవకుండానే సంతకం పెట్టాను.

ఇప్పుడు మిల్లుకు వెళ్లి అడిగాను: "మల్ల అచ్చెయ్యుండ్రి."

"కొనేటోడు ఎవడున్నడు సార్?"

"పోనీ, ఒక్క జిరాక్స్ తీసుకోనియ్యుండ్రి."

"అట్లెట్ల? అందరు జిరాక్సులు తీస్తే నా పుస్తకం ఎవరు కొంటరు?"

ఎవరూ కొనని పుస్తకాన్ని అందరూ దొంగిలిస్తారన్న ఆ జ్ఞానానికి మిల్లు కూడా ఒక్క క్షణం ఆగిపోయింది. లేచి వస్తుంటే ఆప్యాయంగా పలకరించాడు: "షుగర్ ఎట్లున్నది సార్?" రచయిత పోయాక కూడా అరవై ఏళ్లు హక్కు నడుస్తుంది మరి. ఆ అరవై ఎక్కడ తొందరగా మొదలైపోతుందోనని ఆయన బెంగ.

రాయించుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది రచయితకే తిరిగొస్తుందని చట్టంలో ఉంది. కాగితంలో వేరేలా రాసుకోకపోతే, అని దానికొక తోక. నా కాగితంలో వేరేలా రాసి ఉంది! ఆ సందులోంచి చిన్నమ్మ మంద మొత్తాన్ని తోలుకుపోవచ్చు. కాగితంలో ఏం రాసుకున్నా సరే, అచ్చు వెయ్యనివాడి హక్కు చెల్లదు, దుకాణాల్లో దొరకని పుస్తకానికి గ్రంథాలయాలు ప్రతి తీసి అడిగినవాళ్లకు ఇవ్వవచ్చు అని రెండు ముక్కలు చేర్చడానికి మన చట్టకర్తలకు సిరా చాలలేదు కాబోలు.

చివరికి సూర్యాపేట గ్రంథాలయంలో ఒక ప్రతి దొరికింది. జిరాక్స్ అనగానే అక్కడి ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు.

"హక్కులున్నోళ్ల లెటర్ తేవాలె."

"రాసింది నేనే సారూ!"

"రాసుడు ఎవలన్న రాస్తరు. హక్కులెవరివి? కావాల్నంటే ఈడనే కూసోని సదువుకోండ్రి."

ఆ 'ఈడనే' పట్టుకున్నాను. మర్నాడు చిన్నమ్మను బస్సెక్కించి తీసుకొచ్చి, 'నిశ్శబ్దం' బోర్డు కింద కూర్చోబెట్టి, ఆమె చెవికి అందేలా గొంతెత్తి చదివాను. పేపర్లు చదివేవాళ్లు కుర్చీలు మావైపు జరుపుకున్నారు. పెదాల మీద వేలు పెట్టుకుని గద్దించడానికొచ్చిన ఉద్యోగి, వేలు తియ్యకుండానే నవ్వాడు.

మూడో కథ దగ్గర చిన్నమ్మ ఆపింది.

"తప్పు సదువుతున్నవ్‌రా. పొట్టేలు బాయిల వడలేదు. ఆసామిని బాయిల నూకింది."

"అచ్చుల గిట్లనే ఉన్నది చిన్నమ్మా."

"అచ్చుకేం దెల్సు? జెప్పింది నేను. నా కతలకు తాళమేసుటానికి ఆ మిల్లోడెవడు? సంతకం వెట్టుటానికి నువ్వెవడివిరా?"

గదంతా నవ్వింది. మిగతా కథలు ఆమే చెప్పింది, నా పుస్తకంలో కంటే బాగా. నేను పుస్తకం మూసి విన్నాను.

ఇక కోయాల్సిన భాగం. ఏ గొర్రే నా పుస్తకం ముట్టలేదు. ముట్టడానికి ఆ ఇంట్లో పుస్తకమే లేదు. నాకిచ్చిన ప్రతులన్నీ కోదాడ వేదిక మీది పెద్దమనుషులకు పంచాను. చిన్నమ్మకు చదువు రాదు కదా అని, ఒక్కటీ ఇవ్వలేదు.